గాసి మంచె మీద నాలుగు తీగలు

పొద్దు గూకాక గాసి మంచె దగ్గర ఎవ్వరూ ఆగరు.

అరకు నుంచి మా ఊరొచ్చే దారిలో గెడ్డ, అంటే వాగు, దాటగానే ఒక ఎత్తు ఉంటుంది. ఎత్తు ఎక్కి కాస్త ఊపిరి తీసుకునే చోటే, ఎడమ చేతి పక్క, ఆ పొలం. చుట్టుపక్కల వాలులన్నీ వలిసెపూలతో పసుపు ఆరబోసినట్టు ఉంటే, ఆ ఒక్క చెక్కలో మాత్రం ఎవరూ విత్తనం వెయ్యరు. నడిమధ్యలో మంచె. నాలుగు గుంజలు, వెదురు తడిక, సగం ఎగిరిపోయిన రేకు. ఆటోవాళ్లు అక్కడికొచ్చేసరికి పాట ఆపేస్తారు. ఎందుకని అడిగితే నవ్వేస్తారు గానీ చెప్పరు.

నేను చెబుతాను. ఇది నేను గాలికి విన్న కబురు కాదు. రవి బావ నోట విన్నది.

ముందు ఆ మంచె మీద కాపలా కాసిన గాసి సంగతి చెప్పాలి.

మా కొండల మీద చేలకి రాత్రి కాపలా లేకపోతే ఇంతే సంగతులు. ఒక్క రాత్రిలో అడవి పందులు చోడి, అంటే రాగి, చేనంతా దున్నేసి పోతాయి. అందుకని మంచె మీద నుంచి చేను చివరిదాకా పొడుగాటి ఇనప తీగ కడతారు. ఆ చివర, రాళ్లు పోసిన నూనె డబ్బాలు వేలాడుతుంటాయి. మంచె మీదవాడు తీగ లాగితే అక్కడ డబ్బాలు గలగలమంటాయి, పందులు పారిపోతాయి. తెల్లారేదాకా అలా లాగుతూనే ఉండాలి.

కాపలా వంతు మార్చుకోడానికి మారు మనిషి వచ్చినప్పుడు కేకెయ్యడు. డబ్బాల దగ్గర నిలబడి తీగని రెండుసార్లు గుంజుతాడు. అది చేతికి తెలిస్తేనే మంచె మీదవాడు దిగాలి. అప్పటిదాకా ఆకలేసినా, నిద్రొచ్చినా... దిగకూడదు.

గాసికి ఆ రెండు గుంజులు రాలేదు.

నేను పుట్టకముందు మాట. ముసురు పట్టిన రోజులట. ఒళ్లు కాలిపోయే జ్వరంతో మూడు రాత్రులు అక్కడే కూర్చున్నాడు. నాలుగో పొద్దున్న ఎవరో ఎక్కి చూస్తే — కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. తీగ కుడిచేతికి చుట్టుకునే ఉంది. ఆ వేళ్లు ఎవరూ విప్పలేకపోయారు. గొడ్డలితో తీగ తెగ్గొట్టి మనిషిని దించారు.

ఆ తర్వాతే మొదలైంది. ఆకు కదలని రాత్రి కూడా ఆ చివర డబ్బాలు కదులుతాయి. ఒకసారి... చాలాసేపు ఆగి, మళ్లీ ఒకసారి.

"గాసి ఇంకా మారు కోసం సూత్తన్నాడు" అంటారు మా ఊళ్లో.

ఇక రవి బావ. పూర్తి పేరు రవిబాబు, నాకు వరసకి బావ. మనిషి సన్నం, మాట మెత్తన. చెయ్యి మాత్రం రోకలి. చర్చికి ఎవరో ఇచ్చిన పాత బేస్ గిటార్ మీద తనకు తానే నేర్చుకున్నాడు. మామూలు గిటార్‌కి ఆరు తీగలైతే దీనికి నాలుగే, కానీ వేలంత లావు. చప్పుడు చెవికి కాదు, ఛాతీకి వినబడుతుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు కడుపులో ఏదో పిట్ట ఎగిరినట్టయింది. అది వేరే సంగతి.

అరకులో ధర్మతేజ అని విజయనగరం అబ్బాయి ఒక బ్యాండు నడుపుతాడు. స్పీకర్లు, మైకులు అన్నీ అతనివే. శనివారం రాత్రుళ్లు రిసార్టుల్లో టూరిస్టులకి మంటలేసి పాటలు పాడతారు. బేస్ వాయించేది రవి బావ.

మొన్న కార్తీకంలో ఒక శుక్రవారం, షెడ్డులో ప్రాక్టీసు జరుగుతుంటే — ఠప్!

పాట ఆగిపోయింది.

"మళ్లీనా?" అన్నాడు ధర్మతేజ. "ఒరే రవీ, బేస్ తీగ ఏళ్ల తరబడి తెగదురా. నువ్వు రెండు నెలల్లో మూడు తెంపావు. ఇది గిటారు, ఎద్దు తోక కాదు మెలేసి తోలడానికి."

అందరూ నవ్వారు.

"సెయ్యి అలా పడిపోతంది తేజన్నా" అన్నాడు బావ తల దించుకుని. "ఇంటికాడ స్పీకర్ లేదు కదా. వానొత్తే మా రేకుల మీద ఆ మోతకి, గట్టిగా కొడితే గాని నాకే ఇనబడదు. అలవాటైపోనాది."

ధర్మతేజ బీరువాలోంచి ఒక కాగితం పొట్లం తీసి విసిరాడు. "ఇదే ఆఖరి సెట్టు. రేపు విశాఖ నుంచి హోటలాయన వస్తున్నాడు మనల్ని చూడ్డానికి. నచ్చితే అందరం అక్కడికే, రోజూ ప్రోగ్రామే. రేపు గాని తీగ తెగిందా... నిన్ను ఇక్కడే వదిలేసి వెళ్తాను. వేరే కుర్రాణ్ణి మాట్లాడి ఉంచాను. తర్వాత నన్ననకు."

బావకి ఆ గిటార్ తప్ప ఇంకో లోకం లేదు. అక్కడే కూర్చుని నాలుగు కొత్త తీగలూ వేసుకున్నాడు. ఆ సరికి ఆఖరి ఆటో వెళ్లిపోయింది. నడక మొదలెట్టాడు.

గెడ్డ దాటాక వాన పట్టుకుంది.

గిటార్ సంచికి జిప్పు లేదు. చొక్కా విప్పి గిటార్ మీద కప్పాడు. చాల్లేదు. చుట్టూ చూశాడు — ఇల్లు లేదు, చెట్టు లేదు. ఆ సగం రేకు ఒక్కటే ఉంది.

తన ఒంటి కోసమైతే చచ్చినా ఎక్కేవాడు కాదట. తీగల కోసం ఎక్కాడు.

తడిక మీద ఒక మూల పొడిగా ఉంది. అక్కడ మఠం వేసుకుని కూర్చున్నాడు. కాసేపటికి వాన ఆగింది. పొగమంచు లేచి పొలం మునిగిపోయింది. మంచె ఒక్కటే పడవలా తేలుతున్నట్టుంది. మంచు తేలిపోతే వెళ్దాం అనుకున్నాడు. ఊరికే కూర్చోలేక గిటార్ ఒళ్లోకి తీసుకున్నాడు. కొత్త తీగలు సాగుతాయట, మాటిమాటికీ బిగించాలట. అన్నిటికంటే లావు తీగని మర తిప్పి బిగించాడు. చెక్కకి చెవి ఆనించాడు. అలవాటు ప్రకారం బలంగా కొట్టాడు.

డుమ్...

సరిపోలేదు. ఇంకొంచెం బిగించి మళ్లీ కొట్టాడు.

డుమ్...

చెక్క వణికింది. చెక్క కింద తడిక వణికింది. తడిక కింద గుంజలు కూడా వణికాయి.

సరిగ్గా రెండుసార్లు.

అప్పుడు... అతని పక్కన తడిక కిర్రుమంటూ పైకి లేచింది. ఇంతసేపూ దాని మీద ఎవరో కూర్చుని, ఇప్పుడు లేచినట్టు.

బావ గిటార్‌ని ఛాతీకి హత్తుకున్నాడు.

నిచ్చెన పై మెట్టు కిర్రుమంది. దాని కింది మెట్టు. దాని కిందిది... మోకాళ్ల నొప్పులున్న ముసలాడు దిగినట్టు, ఒక్కో మెట్టు మీద ఆగి ఆగి. చివరికి బురదలో తపక్‌మని అడుగు పడింది. గడ్డి రాసుకుంటూ ఆ చప్పుడు దూరమైపోయింది.

కనబడింది ఏమీ లేదు. వట్టి మంచు.

ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది అతనికి. మారు మనిషి వచ్చాడనుకుని గాసి దిగిపోయాడు.

మరి ఇప్పుడు కాపలా ఎవరిది?

గబాల్న లేచి నిచ్చెన మీద కాలు పెట్టాడు. అంతే — పొలం నలుమూలల నుంచీ ఒకేసారి గడ్డి కదిలింది. గుర్‌ర్... గుర్‌ర్... మూతులతో మట్టి పెళ్లగిస్తున్న చప్పుడు. పందులైతే ఆ బీడులో తినడానికి ఏముంది? పైగా పందులు ఇలా వరస కట్టి, తొందర లేకుండా, ఒక మనిషి చుట్టూ రావు.

కాలు వెనక్కి తీసుకున్నాడు. చప్పుడు ఆగలేదు. నిచ్చెన అడుగుదాకా వచ్చింది.

మంచె దాకా ఇనప తీగ లేదు, గాసిని దించిన నాడే తెగ్గొట్టారు కదా. చేతిలో ఉన్నది గిటారే. భయంతో దాన్నే కొట్టాడు. డుమ్!

ఆగింది.

ఒకటి... రెండు... మూడు లెక్కపెట్టేసరికి మళ్లీ గుర్‌ర్...

డుమ్! డుమ్!

మళ్లీ ఆగింది. బావ కొడుతూనే ఉన్నాడు. గుండె ఎంత వేగంగా అదిరితే చెయ్యి అంత బరువుగా పడుతోంది. ఇంతలో వేళ్ల కింద — టిక్.

చిన్న చప్పుడే. కానీ ఆ చప్పుడు అతనికి బాగా తెలుసు. లావు తీగకి పైన చుట్టిన సన్నతీగ ఒకచోట విడిపోయి గోట్లో గుచ్చుకుంది. ఇంకో నాలుగు దెబ్బలు పడితే తెగుతుంది. తెగితే రేపు బ్యాండులో చోటుండదు. తెగితే ఈ రాత్రికి కాపలా కూడా ఉండదు.

ఏడుపొచ్చిందట బావకి. మగపిల్లాడు నాతో చెప్పుకున్నాడు ఆ మాట. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

చెయ్యి పైకెత్తాడు. కొట్టకుండా మెల్లగా దించాడు. వేలి కొసతో, నిద్రపోతున్న పసిపిల్ల బుగ్గ ముట్టుకున్నట్టు... మీటాడు.

దుమ్‌మ్...

తనకే సరిగా వినబడలేదు. కానీ కింద గడ్డి ఆగిపోయింది.

ఇంకా మెల్లగా మీటాడు. అయినా ఆగింది. వాటికి చప్పుడు కాదు కావలసింది. పైన మనిషి మెలకువగా ఉన్నాడా లేదా, అంతే.

తెల్లవార్లూ అలాగే మీటాడు. చెయ్యి ఒక్కసారి బరువైతే తీగ టిక్‌మంటుంది. చెయ్యి ఒక్కసారి ఆగితే నిచ్చెన కదులుతుంది. ఆ రెంటి మధ్య, వెంట్రుకంత సందులో, రాత్రంతా గడిపాడు. కోడి కూశాక చూస్తే పొలంలో ఒక్క గడ్డిపోచ కూడా వంగి లేదు.

తీగలు నాలుగూ ఉన్నాయి.

ఆ శనివారం ప్రోగ్రాంకి నేనూ వెళ్లాను, నా కాఫీ బండి తీసుకుని. బావ వాయిస్తుంటే మంట చుట్టూ మాటలు ఆగిపోయాయి. హోటలాయన కప్పు పక్కన పెట్టేసి విన్నాడు. అయిపోయాక ధర్మతేజ బావ మెడ మీద చెయ్యేశాడు.

"ఎవర్రా నేర్పింది ఒక్క రాత్రిలో?"

"గాసి మావ" అన్నాడు బావ. ఎవరికీ అర్థం కాలేదు.

సోమవారం కాక పై సోమవారం విశాఖ ప్రయాణమని ఖాయమైంది. బావ ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాడు. అర్ధరాత్రి డబ్బాల చప్పుడుకి మెలకువొచ్చింది. ఊళ్లోకి ఎప్పుడూ వినబడనిది, చెవి పక్కన మోగుతున్నట్టు మోగుతోంది. చూస్తే తండ్రి పక్క ఖాళీగా ఉంది. వాకిట్లో, గొంగడి కప్పుకుని, కర్ర పట్టుకుని నడిచిపోతున్నాడు బావ తండ్రి, భీముడు మావయ్య. కళ్లు సరిగా కనబడవు ఆయనకి.

"అయ్యా! ఎక్కడికెల్తన్నావు?"

"నా వంతు" అన్నాడు మావయ్య ఆగకుండా. "నా వంతురా గుంటడా. ఆ దినం గాసికి మారు ఎల్లాల్సింది నానే. పెళ్లింటికాడ థింసా ఆడతా ఉండిపోనాను. రేపెల్దాం, రేపెల్దాం అనుకున్నాను. మూడు రాత్రులు... నానే సంపీసినాను. ఇప్పుడు నన్నే పిలుత్తన్నాడు."

"నిన్ను కాదు, నన్ను. నువ్వు పడుకో."

తండ్రిని మంచంలో పడుకోబెట్టి, గిటార్ భుజానేసుకుని బావ వెళ్లి మంచె ఎక్కాడు. డబ్బాలు నోరు మూసుకున్నాయి.

ఆ రాత్రి నుంచీ రోజూ అంతే. రోజూ గిటార్ తీసుకెళ్తే మంచుకి పాడైపోతుందని, సంచిలో పడున్న తెగిన బేస్ తీగలు మూడూ ఒకదానికొకటి మెలేసి, గొడ్డలి నరికిన చోట ఇనప తీగని మళ్లీ అతికించాడు. దాన్ని లాగుతూ కూర్చునేవాడు. కళ్ల కింద నల్లగా గుంటలు పడ్డాయి.

ప్రయాణానికి రెండు రోజుల ముందు నా కాఫీ బండి దగ్గరకొచ్చి ఇదంతా చెప్పాడు.

"నానెల్లలేను గుంటా" అన్నాడు. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. "నానెల్తే అయ్య ఎక్కుతాడు. ఒక్క రాత్రికే పోతాడు."

"ఎవరైనా మారు వస్తే?"

"ఎవులొత్తారు? తెలిసి తెలిసి ఎవులొత్తారే?" నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ... సరేలెండి.

ఆ రాత్రే తీగ రెండుసార్లు కదిలింది. బావ దిగి, వెనక్కి చూడకుండా ఇంటికి పరిగెత్తాడు. మర్నాడూ ఊళ్లోకి డబ్బాల చప్పుడు రాలేదు. "గాసి మావే ఒదిలీసినాడు" అని అందరికీ చెప్పుకున్నాడు. సోమవారం పొద్దున్న బ్యాండు వాళ్ల వ్యాను నా బండి ముందు నుంచే వెళ్లింది. కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. చేతికి కట్టిన గుడ్డ కనబడకుండా ఎడమ చెయ్యి ఊపాను.

తీగ గుంజింది నేను.

ఇప్పటికి పందొమ్మిది రాత్రులు. మా అమ్మమ్మకి చెవుడు, నేను వెళ్లేది వచ్చేది తెలియదు. మొదట్లో భయంతో నాలుక పిడచగట్టుకుపోయేది. తర్వాత తెలిసింది, మా ఊరంతటికీ ఫోన్ సిగ్నల్ సరిగ్గా దొరికేది ఆ మంచె మీదే. బావ వీడియోలు చూసుకుంటూ తీగ లాగేదాన్ని. గడ్డిలో చప్పుడైనా, తీగ లాగుతున్నాను కదా, మంచె దాకా రాదులే అనుకునేదాన్ని.

నిన్న రాత్రి ఆ చప్పుడు అసలే లేదు. మంచు కూడా లేదు. వెన్నెల పాలు పోసినట్టుంది. నిచ్చెన దగ్గర ఎవరో నిలబడ్డారు. తల పైకెత్తలేదు.

"కుమారీ..."

చేతిలో తీగ జారిపోయింది. రవి బావ గొంతు!

"కుమారీ, దిగి రా. నాకు తెలిసిపోనాది, నువ్వే అని. నీకోసమే ఒచ్చీసినాను. ఇంక కాపలా ఒద్దు."

బావ ఎప్పుడూ నన్ను పేరు పెట్టి పిలవలేదు. ఎప్పుడూ గుంటా అనే. ఆ పేరు అతని నోట వినాలని ఎన్ని రాత్రులు... ఏం చెప్పను? ఏడుస్తూ, నవ్వుతూ లేచి నిచ్చెన వైపు జరిగి, పై మెట్టు మీద కాలు పెట్టాను.

అప్పుడే ఫోన్ మోగింది. తెర మీద పేరు చూశాను.

రవి బావ.

ఎలా ఎత్తానో తెలీదు. అటుపక్క నుంచి హోరు, బస్సుల హారన్లు, సముద్రపు గాలి.

"ఏయ్ గుంటా, పడుకున్నావేటి? ఇప్పుడే ప్రోగ్రాం అయిపోనాది. బీచ్ కాడ టీ తాగతన్నాం. ఏటి మాటాడవు?"

కింద చూశాను. వెన్నెల్లో నిచ్చెన అడుగున ఎవరూ లేరు.

"హలో? గుంటా?" అంతలో బావ గొంతు మారిపోయింది.

"ఒలే... నీ సెవి పక్కన నా గొంతుతో మాటాడతన్నది ఎవులే?"